చేరని కాగితం

నలభై సెకన్లు.

సోమవారం జరిగిన ఆఖరి రిహార్సల్లో, రెండో అంకం మధ్యలో, విన్‌ఫ్రెడ్ లాస్కర్ మాట రాక నిలబడిపోయిన సమయం అది. నేను స్టేజ్ మేనేజర్ని. స్టాప్‌వాచ్ నా మెడలోనే వేలాడుతుంటుంది కాబట్టి లెక్క తప్పదు. ఐదో వరుసలో కూర్చున్న నిర్మాత హొరేస్ గెల్ ఆ నలభై సెకన్లలో చేసింది ఒక్కటే. తల మీది టోపీ తీసి మోకాలికి తగిలించాడు. గెల్ టోపీ తీశాడంటే ఎవరికో ఉద్వాసన చెప్పినట్టే.

తర్వాత మెట్ల దగ్గర నన్ను ఆపాడు.

"కినిక్, రేపు ప్రారంభ ప్రదర్శనలో ఆవిడ ఇంకోసారి ఆగిందనుకో, వచ్చేవారం బోస్టన్‌లో ఆ నల్ల శాలువా నార్మా టల్లీ కప్పుకుంటుంది. ఎన్ని సెకన్లు ఆగిందో నీ రిపోర్టులో రాయి. నాకు కాగితం మీద కావాలి."

మేము న్యూహేవెన్ వచ్చి ఆరు రోజులైంది. ఇక్కడ రెండు వారాలు, బోస్టన్‌లో రెండు వారాలు, ఆ తర్వాత న్యూయార్క్. నాటకం పేరు 'రేవు ఇల్లు'. నాయిక ఓడ కెప్టెన్ భార్య, ముసలి విధవ. నల్ల శాలువా ఆ వేషానిదే. ఆ వేషం కట్టేది విన్‌ఫ్రెడ్ లాస్కర్; అవసరమైతే ఆమె బదులు దిగడానికి మాటలు నేర్చుకున్న నటి నార్మా టల్లీ. ఒకప్పుడు ఆమె పేరు బల్బులతో వెలిగేది. 1940 మార్చిలో బోస్టన్‌లో, న్యూయార్క్ విమర్శకులంతా రైలెక్కి వచ్చిన రాత్రి, ఆమె నడి రంగస్థలం మీద మాటలు మర్చిపోయింది. తెర దించాల్సి వచ్చింది. దించింది నేనే. ఆ తెర మళ్ళీ లేవడానికి పదకొండేళ్ళు పట్టింది. ఈ మధ్యకాలమంతా ఆమె నెవార్క్‌లో ఒక పెద్ద దుకాణంలో చేతితొడుగులు అమ్మింది.

ఇదంతా అందరికీ తెలిసిన కథ. నాకు మాత్రమే తెలిసిన కథ ఇంకొకటి ఉంది. దాన్ని పదకొండేళ్ళుగా ఒక దగ్గుబిళ్ళల రేకు డబ్బాలో దాచిపెట్టాను. మంగళవారం మధ్యాహ్నం మూడింటికి ఆ డబ్బా మూత తీయాల్సి వచ్చింది.

*

మంగళవారం పొద్దుటినుంచీ వాన. నా మోకాళ్ళు వానకంటే ముందే లేచాయి. నాకు అరవై ఒకటి. ముప్ఫై ఆరేళ్ళుగా రంగస్థలం కుడిపక్క, వింగ్ అనే పక్కతెర చాటున, ఎత్తు బల్ల ముందు నిలబడి బతుకుతున్నాను. ప్రేక్షకులు నన్నెప్పుడూ చూడరు. దీపాలు వెలిగించమని, తెర ఎత్తమని నేను చెప్పాలి. నటుడికి మాట తప్పితే నాటక ప్రతి చూసి నేను అందించాలి. అదే నా పని.

థియేటరు ఖాళీగా ఉంది. నటులంతా హోటల్లో కాళ్ళు చాపుకున్నారు. రంగస్థలం నడుమ ఒంటి బల్బు దీపం వెలుగుతోంది. ఎవరూ లేనప్పుడు కూడా దాన్ని ఆర్పరు. ఆర్పితే పాత నటుల ఆత్మలు చీకట్లో తూలి పడతాయట. నేను నా బల్ల దగ్గర హామ్ రొట్టె నములుతూ, దీపాల వరుస సరిచూసుకుంటున్నాను.

వెనక తలుపు చప్పుడైంది. విన్‌ఫ్రెడ్. తడిసిన కోటు, తడిసిన టోపీ, గొడుగు మాత్రం మూసే ఉంది.

"గొడుగు వేసుకోవడం మర్చిపోయాను, వాల్ట్," అంది. "ఇదీ నీ రిపోర్టులో రాసుకో."

"కూర్చోండి, మిస్ లాస్కర్. కాఫీ ఉంది. చల్లారింది గానీ కాఫీయే."

"నీ కాఫీ వేడిగా ఉన్నప్పుడు మాత్రం ఏం గొప్ప!"

రంగస్థలం మీది చెక్క కుర్చీలో కూర్చుంది. రెండో అంకంలో ఆ విధవ కూర్చునే కుర్చీ అదే. చేతిసంచి తెరిచి ఒక కవరు తీసి నా వైపు చాపింది.

"ఇది గెల్‌కి ఇవ్వు. నేను మానేస్తున్నాను. ఒంట్లో బాగాలేదని రాశాను. డాక్టరు కాగితం కావాలంటే అదీ తెస్తాను. నార్మాకి మాటలన్నీ వచ్చు, శాలువా ఒక్కటే కాస్త పొడుగవుతుంది."

నేను కవరు అందుకోలేదు.

"నిన్న ఒక్కసారే కదా..."

"ఒక్కసారా?" ఆమె నవ్వింది. ఆ నవ్వులో ఓపిక లేదు. "వాల్ట్, నేను పొద్దున లేవగానే ఏం చేస్తానో తెలుసా? మంచం దిగకముందే నలభై ఎనిమిది రాష్ట్రాల రాజధానులూ ఒప్పజెప్పుకుంటాను. అలబామాకి మాంట్‌గోమరీ. అక్కడినుంచి వయోమింగ్‌కి షయెన్ దాకా. పదకొండేళ్ళు, రోజూ. ఎందుకు? బుర్ర ఇంకా ఉందా, పోయిందా అని చూసుకోవడానికి. మోంటానా దగ్గర ఆగానంటే ఆ రోజంతా అన్నం సయించదు. అద్దం ముందు ముఖం చూసుకోవాల్సిన వయసులో నేను బుర్ర చూసుకున్నాను. ఇక చాలు. అలిసిపోయాను. ఇదుగో, తీసుకెళ్ళు. కాగితాలు చేర్చేది నువ్వే కదా."

ఆ ఆఖరి మాట ఆమె మామూలుగానే అంది. 

కాగితాలు చేర్చేది నేనే. నిజమే.

ఊళ్ళు తిరిగే వారాల్లో నాటకం రోజూ మారుతుంది. రచయిత హోటల్ గదిలో కూర్చుని కొట్టేస్తాడు, తిరగరాస్తాడు. సాయంత్రానికి టైపు చేసిన కొత్త పుటలు నా చేతికొస్తాయి. ఒక్కో నటుడికి ఒక్కో ప్రతి. వాటిని గదిగదికీ చేర్చడం నా బాధ్యత. చేరిందని నేనంటే చేరినట్టే. ఎవరూ మళ్ళీ అడగరు.

"మిస్ లాస్కర్, ఈ కాగితం నేను చేర్చను," అన్నాను. "ముందు మీకు చేరాల్సింది ఒకటుంది. ఆలస్యమైంది."

జేబులోంచి దగ్గుబిళ్ళల డబ్బా తీశాను. అడుగున అట్టముక్క. దాని కింద ఎనిమిది మడతలు పెట్టిన పల్చటి కార్బన్ కాపీ. మడతల దగ్గర పీలికలవుతోంది. పైన మూలన నా చేతిరాతే, పెన్సిలుతో: మిస్ లాస్కర్.

ఆమె కళ్ళద్దాలు పెట్టుకుంది. ఒంటి బల్బు కిందికి వంగి తొమ్మిది పంక్తులూ చదివింది. తర్వాత, ఎందుకో, తన మొదటి పంక్తిని పైకి చదివింది.

"ఆ తాళంచెవి నా దగ్గర లేదు, డాక్టర్. ఎప్పుడూ లేదు."

ఖాళీ హాలు ఆ మాటను బాల్కనీ దాకా మోసుకెళ్ళి వెనక్కి తెచ్చి ఇచ్చింది. ఆ గొంతుకి ఏమీ కాలేదు.

"మంచి మాటే. ఎక్కడో విన్నట్టుంది," అందామె. "ఇది ఏ నాటకంలోది?"

"బోస్టన్‌లోది. 1940. ఆ రాత్రిది."

 నేను చెప్పుకుంటూ పోయాను. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు.

"ఆ సాయంత్రం ఐదున్నరకి వచ్చిందా పుట. అందరి తలుపులూ తట్టి చేతికిచ్చాను. మీరు నిద్రపోతున్నారని తలుపుకి చీటీ ఉంది. లేపడం ఎందుకు, అరగంట ముందు చేతికిద్దామని నాటక ప్రతిలో పెట్టుకున్నాను. ఇంతలో పై వరుస దీపాలన్నీ పోయాయి. నిచ్చెన, తీగలు, తిట్లు. తర్వాత తెర లేచింది. ఆ కాగితం ప్రతిలోనే ఉండిపోయింది."

"నాకు ఇవ్వలేదు."

"ఇవ్వలేదు."

"అంటే డాక్టరు వేషం వేసినాయన కొత్త మాట చెప్పాడు. నాకు తెలిసింది పాత మాట."

"అవును."

"నేను నిలబడిపోయాను. అప్పుడు నువ్వు అందించావు." ఆమె ఒక్కో మాటా నెమ్మదిగా, చీకటి గదిలో గోడ తడుముకుంటున్నట్టు అంటోంది. "మూడుసార్లు అందించావు. తాళంచెవి నా దగ్గర లేదు. తాళంచెవి నా దగ్గర లేదు. నేను జన్మలో వినని మాట అది. నా సొంత నాటకంలో నా సొంత మాట అదేనని నువ్వు చెబుతుంటే, ఎదుటివాడు దానికోసమే ఎదురు చూస్తుంటే, వెయ్యిమంది ఊపిరి బిగబట్టి వింటుంటే... నాకు మతిపోయిందనుకున్నాను."

"నా ముందు తెరిచి ఉన్నది కొత్త పుట, మిస్ లాస్కర్. మీ దగ్గర లేదన్న సంగతే నాకు తట్టలేదు."

"ఎప్పటినుంచి తెలుసు నీకు?"

ఆ ప్రశ్న ఆమె గట్టిగా అడగలేదు. తల ఎత్తి, కళ్ళద్దాల పైనుంచి నా వైపు చూస్తూ, ఎవరో దూరపు బంధువు చావు కబురు గురించి అడిగినట్టు అడిగింది. నా ముప్ఫై ఆరేళ్ళ ఉద్యోగంలో రంగస్థలం మీద అంతకంటే బాగా పలికిన మాట వినలేదు.

"ఆ రాత్రే. తెర దించాక ప్రతి మూస్తుంటే కనబడింది."

"మూస్తుంటే." ఆమె కళ్ళద్దాలు తీసింది. "ఆ తర్వాత నా గదికొచ్చావు. కుర్చీలో పడి ఉన్నాను. నేను నిన్ను అడిగాను. గుర్తుందా ఏమడిగానో?"

గుర్తుంది. రోజూ గుర్తుంటుంది.

"'నాకు కొత్త పుట ఇచ్చావా, వాల్ట్?' అని అడిగారు."

"నువ్వేమన్నావు?"

"'ఇచ్చాను కదండీ' అన్నాను."

వాన పైకప్పు రేకుల మీద కురుస్తోంది. ఎక్కడో బాల్టీలోకి నీటిచుక్క పడుతోంది. ఆమె నన్ను తిడుతుందని ఎదురుచూశాను. కొడుతుందని కూడా ఎదురుచూశాను. కొడితే బాగుండుననిపించింది.

"మర్చిపోవడం సరే," అందామె చివరికి. "దీపాలు పోయాయి, నిచ్చెన ఎక్కావు, మర్చిపోయావు. మనిషన్నాక మర్చిపోతాడు. నాకంటే బాగా ఎవరికి తెలుసు! పదకొండేళ్ళు మతిమరుపు మనిషిగానే బతికాను కదా. కానీ ఇచ్చానన్నావు చూడు. ఆ ఒక్క మాటకి నేను కాగితం అందుకున్నాననీ, చదివాననీ, చదివిన గంటలో మొత్తం తుడిచిపెట్టుకుపోయిందనీ నమ్మాను. ముగ్గురు డాక్టర్లకి అదే చెప్పాను. వాళ్ళూ నమ్మారు. ఒకాయన నా తల మీద తీగలు కూడా పెట్టాడు, వాల్ట్. నువ్వు అబద్ధమాడిన తలకి."

"నిజం చెబితే నా పని పోయేది. మళ్ళీ ఏ కంపెనీ నా చేతికి ప్రతి ఇచ్చేది కాదు. అప్పుడు మా ఆవిడ ఆసుపత్రిలో ఉంది. అయినా అది కారణం కాదు. భయపడ్డాను. మర్నాడు చెబుదామనుకున్నాను. మీరు పొద్దున్నే రైలెక్కేశారు. ఆ తర్వాత రోజురోజుకీ మరీ కష్టమైంది."

"నెవార్క్‌కి ఉత్తరాలు వస్తాయి. చేతితొడుగుల విభాగానికి కూడా."

నేను డబ్బా మూత పెట్టాను.

ఆమె లేచింది. రంగస్థలం అంచు దాకా నడిచి, ఖాళీ వరుసల వైపు చూస్తూ నిలబడింది. కాసేపటికి భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. దగ్గరికెళితే వినబడింది. సన్నగా గొణుగుతోంది. "మిసోరీకి జెఫర్సన్ సిటీ. మోంటానాకి హెలెనా. నెబ్రాస్కాకి లింకన్..." ఆగి, ముక్కు తుడుచుకుంది.

"హెలెనా," అంది. "ఒక్క రోజు కూడా తప్పలేదు తెలుసా? ఆగేదాన్ని, కానీ తప్పేది కాదు. ఆ సంగతి ఇప్పుడు తడుతోంది."

వెనక్కి తిరిగింది.

"నిన్నటి నలభై సెకన్లు ఏంటో చెప్పనా? నేను మర్చిపోలేదు. కొడుకు వేషం వేసిన ఆ ఎలియట్ ముఖం చూస్తూ ఒక్క క్షణం ఊపిరి తీసుకున్నాను. ఆ విధవ కూడా అక్కడ ఊపిరి తీసుకుంటుంది. నువ్వు తొందరపడి మాట అందించావు. ఆ చీకట్లోంచి, అదే మూలనుంచి, అదే గొంతు. అంతే, నేను బోస్టన్‌లో ఉన్నాను. మాట కాదు పోయింది, కాళ్ళ కింద నేల పోయింది."

 

రాజీనామా కవరు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. దాన్ని నాలుగు ముక్కలు చేసి నా చల్లారిన కాఫీలో వేసింది.

"ఈ రాత్రి వేషం వేస్తాను. నీకోసం కాదు. గెల్ కోసం అసలే కాదు. ఒక్కసారి, నా బుర్ర నాదేనని తెలిసి ఆ దీపాల కింద నిలబడాలి. అది చూసుకున్నాక చస్తే చస్తాను. కానీ ఒక షరతు."

"చెప్పండి."

"నీ గొంతు నాకు వినబడకూడదు. నేను ఆగినా, తడబడినా, నేలమీద పడిపోయినా నువ్వు నోరు తెరవకూడదు. ఒక్క మాట అందించావా, శాలువా అక్కడే పడేసి నడిచి వెళ్ళిపోతాను. ఈసారి నాకై నేనే."

"అలాగే."

"నీ ముఖం కూడా చూడలేను ఇవాళ. తెర లేచే అరగంట ముందు పిలుపుకి నా తలుపు కొట్టకు. ఇంకెవరినైనా పంపు."

గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. తలుపు దగ్గర గొడుగు విప్పిన చప్పుడు వినబడింది.

*

ఐదున్నరకి కొత్త పుట వచ్చింది.

ప్రారంభ ప్రదర్శన రోజున కూడా వస్తుందా అంటే, వస్తుంది. రచయితకి నిద్ర పట్టకపోతే చాలు. మార్పు చిన్నదే. రెండో అంకం చివర. ఇదివరకు కొడుకు అడిగేవాడు: "ఆ రాత్రి నాన్న పడవ తాడు ఎవరు విప్పారమ్మా?" తల్లి అబద్ధమాడేది: "గాలి, టామ్. గాలికి ఊడిపోయింది." ఆపైన గాలి గురించి, సముద్రం గురించి పెద్ద ఉపన్యాసం. రచయిత అదంతా కొట్టేశాడు. ఇప్పుడు కొడుకు అడగడు, చెబుతాడు: "తాడు విప్పింది నువ్వేనని నాకు తెలుసమ్మా." తల్లికి మిగిలింది ఒకే ఒక్క మాట. దానికి కొడుకు జవాబు, తెర. ఆ జవాబు మీదే మూడో అంకమంతా నిలబడింది.

తల్లి చెప్పాల్సిన ఆ మాట చదివి నేను గోడకి చేరగిలబడ్డాను.

'ఎప్పటినుంచి తెలుసు నీకు?'

రచయిత హోటల్ గదిలో పొద్దుటినుంచీ కదల్లేదు. మధ్యాహ్నం మా మాటలు వినే దారి లేదు. ఇలాంటి మాటలు ఎక్కడివో దొరుకుతాయి వాళ్ళకి.

ఎలియట్ వేర్‌కి అతని ప్రతి చేతికిచ్చాను. చదివించి, చదివానని సంతకం కూడా పెట్టించాను. "ఇదేంటి బాబాయ్, కొత్తగా!" అని నవ్వాడు. రెండోది కవరులో పెట్టి, అంటించి, పైన 'మిస్ లాస్కర్' అని రాశాను. ముఖం చూడనని ఆమె అన్నా సరే, తలుపు కొట్టి చేతిలో పెడదామనే బయల్దేరాను. నడవలో గెల్ ఎదురయ్యాడు. ఒక చేతిలో పూలబుట్ట, ఇంకో చేతిలో చుట్ట.

"కొత్త పుటేనా? ఇటివ్వు. నేను ఆవిడ గదికే వెళ్తున్నాను. పూలివ్వాలి."

"ఇది నేనే ఇవ్వాలండీ."

"ఏం, నా చేతికి కుష్ఠుందా? పై దీపాల్లో ఒకటి మిణుకుమంటోందని నీకోసం వెతుకుతున్నారు, పో."

దీపం మిణుకుమంటోంది. బోస్టన్‌లో ఆ రాత్రీ దీపాలే. కానీ ఆయన నిర్మాత. పైగా ఆమె నన్ను రావద్దంది. కవరు ఇచ్చాను. ఆయన దాన్ని పువ్వుల మధ్య గుచ్చాడు.

ఎనిమిదికి అరగంట పిలుపు. గోడమీది హాజరు కాగితంలో విన్‌ఫ్రెడ్ సంతకం ఉంది, పెద్ద అక్షరాలతో, పాత రోజుల్లోలాగే. గెల్ ఈల వేసుకుంటూ మెట్లు దిగుతున్నాడు. తెర వెనక ఈల వేయడం మాకు అశుభం. ద్వారం కాపలా ముసలి డూలన్ మండిపడ్డాడు. "బయటికెళ్ళి మూడుసార్లు గుండ్రంగా తిరిగొస్తే గానీ లోపలికి రానివ్వను. మీరు నిర్మాతైనా సరే, పోప్ గారైనా సరే."

గెల్ నవ్వుతూ వానలో తిరిగొచ్చాడు. నేను అడిగాను.

"మిస్ లాస్కర్‌కి పుట ఇచ్చారా?"

"ఇచ్చాను కదయ్యా."

నేనెందుకు మళ్ళీ వెళ్ళి చూసుకోలేదు? పదకొండేళ్ళు ఆ మాటకి మూల్యం చూసినవాణ్ణి. సమాధానం చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. ఆ తలుపు తడితే ఆమె చూసే చూపుకి భయపడ్డాను. మళ్ళీ భయమే.

*

ఎనిమిదిన్నరకి తెర లేచింది. మొదటి అంకంలో ఆమె ఒక్కసారి కూడా తడబడలేదు. తడబడకపోవడం చిన్నమాట. ఆ ఇల్లు నిజంగా ఆమెదే అనిపించింది. విరామంలో జనం సిగరెట్లు ముట్టించుకోవడం మర్చిపోయి మాట్లాడుకుంటున్నారని డూలన్ చెప్పాడు. నేను మాత్రం ఇంకొకటి చూశాను. మెట్ల కింద, నార్మా టల్లీ పూర్తి మేకప్‌తో నిలబడి ఉంది. భుజాల మీద ఇంకో నల్ల శాలువా.

"నిన్నెవరు తయారవమన్నారు?"

"గెల్ గారే. ఎందుకైనా మంచిదన్నారు, వాల్ట్. నాకేం తెలుసు?" అంది. ఆమె కళ్ళు కిందికే ఉన్నాయి.

రెండో అంకం మొదలైంది. విన్‌ఫ్రెడ్, ఎలియట్ ఇద్దరూ తెర లేచినప్పటినుంచి దిగేదాకా రంగస్థలం మీదే ఉంటారు. ఇరవై రెండు నిమిషాలు. పదహారో నిమిషంలో నా భుజం మీద ఎవరో తట్టారు. డూలన్. చేతిలో పూలబుట్ట.

"ఇది సాయంత్రంనుంచీ నా బల్ల కిందే ఉంది," అని చెవిలో గొణిగాడు. "గెల్ గారు పెట్టి, తర్వాత తీసుకుంటానన్నారు. పూలు వాడిపోతున్నాయి. మనకెందుకొచ్చిన గొడవ అని..."

కార్నేషన్ పూల మధ్య కవరు. అంటించిన అంచు అలాగే ఉంది. పైన నా చేతిరాత.

ఆరు నిమిషాలు.

ఎలియట్‌కి చెబుదామంటే దీపాల మధ్యలో ఉన్నాడు. మాట అందిస్తే ఆమె వెళ్ళిపోతుంది. అందించకపోతే, తనకు తెలియని మాటకి తెలియని జవాబు వెతుక్కుంటూ మళ్ళీ బోస్టన్‌లో నిలబడుతుంది. ఎలియట్ మాట కాగానే తెర దించేయవచ్చు. జనానికి తెలియకపోవచ్చు. ఆమెకు తెలుస్తుంది. ఇంకోసారి ఆమె నోటిముందు తెర దించింది నేనేనని తెలుస్తుంది. మూడో అంకానికి ఆమె గదిలోంచి బయటికి రాదు, నార్మా వస్తుంది. మెట్ల కింద శాలువా సిద్ధంగానే ఉంది.

ప్రతిలో పంక్తులు ఒక్కొక్కటే కరిగిపోతున్నాయి. నాలుగు నిమిషాలు. రెండు. నా చెమట పుట మీద పడి సిరా అలుక్కుపోయింది. వింగ్ సందులోంచి ఐదో వరుస కనబడుతోంది. గెల్ టోపీ ఇంకా తల మీదే ఉంది.

ఎలియట్ కిటికీ దగ్గరనుంచి తిరిగాడు. చక్కటి కుర్రాడు, బాగా చేస్తాడు. గొంతు తగ్గించి అన్నాడు.

"తాడు విప్పింది నువ్వేనని నాకు తెలుసమ్మా."

విన్‌ఫ్రెడ్ చేయి కుర్చీ వీపు మీద ఆగింది. 'గాలి' అనడానికి సిద్ధమైన పెదవులు సగంలో నిలిచిపోయాయి. అది తను ఎదురుచూసిన ప్రశ్న కాదు. అసలు ప్రశ్నే కాదు.

నా బొటనవేలు స్టాప్‌వాచ్ నొక్కింది. అలవాటు. ఒకటి. రెండు. మూడు.

హాల్లో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. నాలుగు. ఎలియట్ ఆమెనే చూస్తున్నాడు, కనుబొమల కింద చెమట. ఐదు. ఐదో వరుసలో చేయి పైకి లేచి టోపీ అంచు పట్టుకుంది.

ఆరు. ఆమె కళ్ళలోకి ఆ పాత చూపు రావడం నేను చూశాను. నేల పోతున్న చూపు. మోంటానా దగ్గర ఆగిన చూపు.

నోరు తెరవనని మాటిచ్చాను. చేతుల గురించి మాటివ్వలేదు.

బల్ల వదిలి ముందుకొచ్చాను. వింగ్ అంచున నీలం దీపం వెలుగు పడేచోట, ముప్ఫై ఆరేళ్ళలో ఎప్పుడూ అడుగుపెట్టని చోట నిలబడ్డాను. ఇంకో అడుగు వేస్తే ప్రేక్షకులకు కనబడతాను. కవరుని రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాను, విప్పని అంచు ఆమె వైపు ఉండేలా, పేరు కనబడేలా.

ఎనిమిది. ఆమె తల కొడుకు వైపునుంచి నెమ్మదిగా ఇటు తిరిగింది. నన్ను చూసింది. కవరు చూసింది. దాని మీది తన పేరూ, విప్పని అంచూ చూసింది.

తొమ్మిది. కుర్చీ మీది చేయి వదులైంది. మధ్యాహ్నం 'ఎప్పటినుంచి తెలుసు నీకు' అని అడుగుతూ కళ్ళద్దాల పైనుంచి చూసినట్టే చూస్తోంది.

పది. గెల్ టోపీ తీశాడు.

పదకొండు. నా కళ్ళలోకే చూస్తూ, విన్‌ఫ్రెడ్ లాస్కర్ నోరు తెరిచింది.